తగరం కింద ఏనుగు

ఆటో కంటే ముందు గుండిగ చప్పుడు సందులోకి వచ్చింది. గతుకు గతుక్కీ ఒక మోత, మోత మోతకీ పాపాయమ్మ తిట్టు. కురుపాం మార్కెట్టు వెనక రాగిపనివాళ్ళ సందులో, కొలిమి ముందు కూర్చున్న చాంద్ సుల్తానా తల ఎత్తలేదు. చెవి మాత్రం అటు వేసింది. ఇనుముది ఒక గొంతు, ఇత్తడిది ఒక గొంతు. ఇది రాగి. పెద్దది. పైగా అడుగున ఎక్కడో పట్టు వదిలిన రాగి. మోత చివర సన్నటి జీర పలుకుతోంది.

"నిమ్మలంగా దించు నాయనా. అది మా అత్త కంటే పెద్దది," అంటూ పాపాయమ్మ ఆటో దిగింది. జాలరిపేట మనిషి. నలభయ్యేళ్ళుగా ఫిషింగ్ హార్బరులో చేపలు వేలం పాడిన గొంతు. గుసగుసలాడినా నాలుగిళ్ళకు వినబడుతుంది.

"సాందమ్మా, బాసా ఏడే? ఈ ముసిల్దాన్ని బాగుసెయ్యాల."

"ఎవర్ని అప్పా? నిన్నా, గుండిగనా?"

"ముందు దాన్ని సెయ్యి. నాను ఆగ్గల్ను."

గుండిగను నేరుగా చాంద్ సుల్తానా చేతికి ఇవ్వవచ్చు. ఆమె రెండడుగుల దూరంలోనే ఉంది. కాని పాపాయమ్మ ఇప్పించలేదు, చాంద్ సుల్తానా అందుకోలేదు. లోపలి నుంచి జిలానీ బాషా లుంగీ సర్దుకుంటూ వచ్చేదాకా ఆ గుండిగ ఆటోవాడి చేతుల్లోనే ఆగింది. గిన్నె ఏదైనా మొదట ఇంటి మగవాడికే అందాలి. అది ఆ సందు మర్యాద. ఆయన దాన్ని రెండు చేతులా అందుకుని, గోటితో ఒకసారి మీటి, విన్నట్టు తల ఊపి, భార్య ముందు దించాడు. అంతటితో ఆయన పని పూర్తయింది. బరువు మోసేటప్పుడు ఆయన చేతులు స్థిరంగానే ఉంటాయి. బరువు దిగాక, సన్నటి పని ముందుకు వచ్చాక వణుకుతాయి. అందుకే దించిన వెంటనే వాటిని చంకల్లో దాచుకున్నాడు.

"ఏటైంది అప్పా దీనికి?" అన్నాడు.

"పద్నాలుగో తారీకుతో ఏట బందీ అయిపోతాది గదా. రెండు నెల్లబట్టి బోట్లన్నీ గట్టునే పడుకున్నాయి. ఆ మద్దినేల గంగమ్మతల్లికి పెట్టుకుని, ఈదంతా కూకుని తినాల. మాయింటి వంతు పులుసు. అలిమినం డేసా పగిలిపోనాది. మా కోడలు అటకెక్కి దీన్ని దింపినాది. నీల్లు పోత్తే సుక్క సుక్క కారతంది."

చాంద్ సుల్తానా చెంబుడు నీళ్ళు గుండిగలో పోసి, దాన్ని రెండు ఇటుకల మీద నిలబెట్టి, అడుగుకు ముఖం పెట్టి చూసింది. మసి పట్టిన అడుగున, నడిమికి కాస్త పక్కగా, ఒక చుక్క పుట్టింది. పెద్దదయింది. రాలింది. ఆ తరువాత ఇంకొకటి.

"పాత మాటు వదిలింది," అంది. "చిల్లు పడిన చోట ఎవరో ఎప్పుడో అతుకు వేశారు. కళాయి కూడా పోయింది. కళాయి లేని రాగిలో చింతపండు పులుసు కాస్తే ఈదంతా ఆసుపత్రిలో కూకుంటారు."

"అందుకే గదా నీకాడకొచ్చినాను. ఏనాటికిత్తావు?"

"పదమూడు సాయంత్రానికి ఇస్తాం."

పాపాయమ్మ వెళ్ళాక జిలానీ బాషా గొంతు సవరించుకున్నాడు. "పదమూడున ఆఫీసరు వస్తాడు గదా."

"మూడింటికి వస్తాడు. ఐదింటికి పోతాడు. ఆ తరవాత అప్పకి ఇద్దాం."

ఇద్దరి చూపూ గోడ మీదికి పోయింది. మేకుకు వేలాడే, పనివాళ్ళకు సర్కారిచ్చిన ప్లాస్టిక్ కార్డు, దాని మీద ఆయన ఫొటో. జిలానీ బాషా. వృత్తి: రాగి పని, కళాయి. కింద చిన్న అక్షరాల్లో, భార్య: చాంద్ సుల్తానా, ఇంటిపని. కొలిమి పొగకు ఆ ఆఖరి మాట మిగతా కార్డు కంటే ముందే మాసిపోయింది. చాంద్ సుల్తానా దాన్ని ఎన్నిసార్లు తుడిచినా ఆ ఒక్క మాటనూ వేలితో దాటుకుంటూ తుడిచేది.

రోడ్డు వెడల్పు కోసం వానలు తగ్గగానే ఈ సందు పోతుంది. కార్డు ఉన్న పనివాడికి రైలుగేటు అవతల ఒక్కొక్క షెడ్డు ఇస్తారు. కాకపోతే కార్డున్న మనిషే ఆఫీసరు ఎదురుగా కూర్చుని పని చేయాలి, ఆయన ఫొటో తీసుకోవాలి, అదే సాయంత్రం జాబితాకు ఎక్కించాలి. షెడ్డు లేకపోతే కొలిమి లేదు. అద్దెకుండే మూడో అంతస్తులో, కళాయికి చల్లే నవాసారం పొగ ఎవరు పెట్టనిస్తారు?

"రండి," అంది చాంద్ సుల్తానా. చిన్న ఇత్తడి గిన్నె ఒకటి నిప్పుల మీద పెట్టింది. "కాల్చడం, తోమడం, తగరం అద్దడం నాను సేసి పెడతాను. మీరు దూది ఒక్కసారి తిప్పితే చాలు. ఒక్కసారి. ఆఫీసరు చూసేది అంతే."

ఆయన చంకల్లోంచి చేతులు తీశాడు. పటకారుతో గిన్నె పట్టుకున్నాడు, రెండో చేత్తో దూది ఉండ. కరిగిన తగరం గిన్నె అడుగున చిన్న వెండి గోళీలా దొర్లింది. దూది దాన్ని అంటుకుంది, జారింది, మళ్ళీ అంటుకుంది. తగరం పరుచుకోకుండా ఒక పక్కకు ముద్ద కట్టింది.

"ఇంకోసారి," అంది ఆమె.

ఇంకోసారి. ఇంకోసారి. నాలుగోసారి పటకారు అంచు గిన్నెకు తగిలి టకటకా పళ్ళు కొరికినట్టు మోగింది.

"వీటికి పని తెలుసు చాంద్," అన్నాడాయన చేతులకేసి చూసుకుంటూ. "నా మాటే తెలీడం లేదు."

ఆమె గిన్నెను నీళ్ళలో ముంచి, పక్కన పెట్టి, "రేపు పొద్దున్న మళ్ళీ," అంది.

*

తగరం పెట్టడం సులువు, తీయడం కష్టం. మర్నాడు గుండిగను నిప్పుల మీద బోర్లించి, తిప్పి, కరిగిన పాత కళాయిని గోనెగుడ్డతో తుడిచితే పొర కింద పొర వచ్చింది. ఏ ఏటికా ఏడు పైపైనే పూసుకుంటూ పోయిన చేతులు. ఆ పొరలన్నీ ఊడదీసి, చల్లార్చి, లోపల ఇసుక, చింతపండు గుజ్జు వేసి, చాంద్ సుల్తానా లేచి సందులోకి తొంగి చూసింది. తరువాత తలుపు ఓరగా వేసింది.

ఈ ఒక్క పనికి ఆమె తలుపు వేస్తుంది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, దూలానికి వేలాడే తాడు రెండు చేతులా పట్టుకుని, గుండిగలో దిగి నిలబడింది. పాదాల కింద గోనెముక్క. నడుము కుడికి, నడుము ఎడమకి. చేతులతో తోమితే పూట పట్టే పని పాదాలతో గంటలో అవుతుంది. ఇసుక కర్రు కర్రుమంటూ రాగిని కొరికింది. ఓరతలుపు సందులోంచి వచ్చిన ఎండ గీత ఆమెతోపాటు ఊగింది. సగం తోమిందో లేదో, ఎడమ మడమ కింద ఏదో తగిలింది.

రాయి కాదు. రాయి అయితే దొర్లుతుంది. ఇది కదలడం లేదు. పాదాన్ని జరిపి, బొటనవేలితో తడిమింది. చిన్న గట్టు. గట్టు పక్కన చిన్న పల్లం. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక గుండ్రం. కాలితో చూడడం అలవాటైన మనిషి కనుక ఆమెకు వెంటనే అర్థమైంది, అది దెబ్బ తగిలిన చొట్ట కాదని. ఎవరో బుద్ధిపూర్వకంగా చెక్కిన రూపమని.

దిగి, ఇసుక పక్కకు నెట్టి, కొంగుతో తుడిచింది.

ఏనుగు.

రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్ద రాగి బిళ్ళ మీద, తొండం కిందికి వేలాడేసి, తోక వెనక్కి విడిచి, ఎటో నడుస్తున్న ఏనుగు. చిన్న బిళ్ళలో కూడా దాని బరువు బరువుగానే ఉంది.

"అజీ, ఇలా రండి."

జిలానీ బాషా ఫోను లైటు వేసి వంగి చూశాడు. తరువాత గుండిగను తిప్పించి, అడుగున మసి గీకించాడు. బిళ్ళకు అవతలి ముఖాన అరిగిన అక్షరాలు బయటపడ్డాయి. మదరసాలో చదువుకున్న అక్షరాలు. పెదవులు కదుపుతూ, ఒక్కొక్కదాన్నీ గోటితో తాకుతూ కూడబలుక్కున్నాడు. "జర్బ్... జర్బ్ అంటే కొట్టినది, అచ్చు వేసినది. ఇక్కడేమో... పటన్." ఆయన ముఖం వెలిగింది. "చాంద్, పటన్ అంటే పట్నం. మన పట్నంలోనే కొట్టిన నాణెం ఇది."

"మన పట్నంలో నాణేలు కొట్టేవారా?"

"కొట్టకేం? ఓడలు వచ్చే ఊరు." ఆయన గుండిగ అంచు మీద చేయి వేసి నిమిరాడు. "జాలరిపేట గిన్నెలన్నీ మా తాత ముత్తాతల నుంచి మన కొలిమికే వస్తాయి. ఈ మాటు మా దాదా వేసినదే. రాగిరేకు దొరకని రోజుల్లో నాణేన్నే అతుకు చేశాడంటే చూడు. ఏం చెయ్యి అది!"

చాంద్ సుల్తానా ఏనుగును చూడడం మానేసి దాని చుట్టూ ఉన్న అంచును చూస్తోంది. చిల్లు అంచును పల్చగా సాగగొట్టి, నాణెం మీదికి పెదవిలా వంచి, అదిమారు. రెండు వైపులా అలాగే. ఆ పెదవి చుట్టూ సుత్తి దెబ్బలు బియ్యపుగింజల్లా వరస తప్పకుండా ఉన్నాయి. ఒక్క దెబ్బ కూడా ఏనుగు మీద పడలేదు. కొట్టిన మనిషికి తొందర లేదు, చేతిలో అట్టే బలమూ లేదు. ఉన్న కొద్ది బలాన్నీ తూచి తూచి ఖర్చు పెట్టింది ఆ చెయ్యి. ఒక్క చోట, గోరంత మేర, పెదవి లేచింది. అక్కడి నుంచే కారుతోంది.

దాన్ని బిగించాలి. బలంగా కొడితే పల్చటి పెదవి చిరుగుతుంది. మెల్లగా కొడితే బిగవదు. ఒక పక్క ఎక్కువ పడితే నాణెం ఎగిరి అవతల పడుతుంది.

"ఆఫీసరు వెళ్ళాక చూస్తాను," అని గుండిగ మీద గోనె కప్పింది.

*

దేవీప్రసాద్ అనే ఆ అధికారి యలమంచిలి నుంచి రైల్లో వచ్చే మనిషి. సన్నగా, చొక్కా చంకల దగ్గర చెమటతో, భుజాన సంచి, చేతిలో టాబ్. ఎదుటివాళ్ళ కుర్చీ తీసుకోవలసి వచ్చినందుకే నొచ్చుకునేటంత మెత్తని మాట. పదమూడున, సందులో మిగిలిన ఏడు కొలుములూ చూసి, మూడు గంటలు దాటాక వీళ్ళ గడప ఎక్కాడు.

"మీరేనా జిలానీ బాషాగారు? ఇబ్బంది పెట్టను. చిన్నపని ఏదైనా చేసి చూపండి, ఫొటో తీసుకుని వెళ్ళిపోతాను."

గిన్నె సిద్ధంగా ఉంది. నిప్పులు సిద్ధంగా ఉన్నాయి. చాంద్ సుల్తానా కొలిమికి గాలి కొట్టే బ్లోయరు పిడి దగ్గర కూర్చుంది, అది ఆమె ఎప్పుడూ కూర్చునే చోటన్నట్టు. జిలానీ బాషా పటకారు అందుకోబోయాడు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో పాపాయమ్మ గొంతు దిగింది.

"మా ముసిల్ది ఎంతవరకొచ్చినాది సాందమ్మా? బజార్లో సింతపండుకొచ్చి, సూసి పోదారని..." అంటూనే గోనె లాగేసింది. వంగింది. "ఇదేటి, ఏనుగా? నా కాపరానికొచ్చి నలబయ్యేల్లు. దీని మొకం నానెప్పుడూ సూడ్నేదు."

"ఏనుగా?" అన్నాడు దేవీప్రసాద్.

టాబ్ కుర్చీలో పెట్టి లేచాడు. గుండిగ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కొత్త ప్యాంటుకు బొగ్గు అంటుకున్నా చూసుకోలేదు. జేబులోంచి చిన్న భూతద్దం తీశాడు. కలంతోపాటు భూతద్దం పెట్టుకు తిరిగే ఆఫీసరును వాళ్ళు అదే మొదటిసారి చూడడం. లోపల చూసి, గుండిగ తిప్పమని సైగ చేసి, అడుగున చూశాడు.

"టిప్పు సుల్తాన్," అన్నాడు.

భూతద్దాన్ని చొక్కా అంచుకు తుడుచుకున్నాడు.

"మైసూరు టిప్పు సుల్తాన్ వేయించిన రాగి పైసా. రెండు వందల ఇరవై ఏళ్ళు దాటింది. నా దగ్గర ఇలాంటిది ఒకటుంది, కాని ఇంత స్పష్టంగా లేదు. ఇక్కడ చూడండి, జర్బ్, పటన్..."

"మన పట్నమే కదా సార్," అన్నాడు జిలానీ బాషా ఆశగా.

"కాదండీ. శ్రీరంగపట్టణం. అది ఆయన రాజధాని."

జిలానీ బాషా చంకల్లోకి చేతులు దోపుకున్నాడు. పాపాయమ్మ ఆయన్ని ఆదుకుంది. "ఏ పట్నమైతే ఏటి బాసా. ఇన్నాల్లూ మనూరి నీల్లే తాగినాది గదా."

దేవీప్రసాద్ నవ్వి, భూతద్దం మళ్ళీ అక్షరాల మీదికి వంచాడు. "దీని పేరు చూడండి, జొహ్రా. ఆయన తన నాణేలకు నక్షత్రాల పేర్లు, గ్రహాల పేర్లు పెట్టాడు. జొహ్రా అంటే శుక్రుడు."

"సుక్కుడంటే మా వేగుసుక్కే. దాన్ని సూసే మావోలు వల దింపుతారు," అంది పాపాయమ్మ. ఇంట్లో చుట్టరికం బయటపడ్డట్టు గుండిగకేసి కొత్తగా చూసింది.

"ఎవరి కొంగున ముడిపడి వచ్చిందో, ఏ ఓడ దిగి వచ్చిందో, ఇంత దూరం వచ్చి మీ పులుసుకు అడ్డం పడుకుంది," అన్నాడు దేవీప్రసాద్. కొంచెం తటపటాయించాడు. "అమ్మా, దీన్ని కోసి తీయించి, మామూలు రాగిరేకు వేయించుకోకూడదూ? ఏ మ్యూజియంలోనైనా పెట్టవలసిన వస్తువు."

"ఏనుగుని నువ్వట్టుకుపోతే మా పులుసెవులు ఆపుతారు బాబూ?" అంది పాపాయమ్మ. "కూకోబెడితే సూడ్డానికి బావుంటాదేమో. ఇక్కడైతే పని సేత్తంది. మ్యూజింలో ఏటి సేత్తాది?"

దేవీప్రసాద్ ఏనుగు చుట్టూ అంచును వేలితో తడిమి, ఉన్నట్టుండి ఉత్సాహంగా లేచాడు. "సరే, ఒక పని చేద్దాం. ఈ అంచు లేచింది కదా. బాషాగారూ, ఆ గిన్నె ఎందుకు? దీన్నే బిగించండి. ఈ మాటు ఎవరు వేశారు?"

"మా దాదా," అన్నాడు జిలానీ బాషా.

"మీ దాదాగారు వేసినదాన్ని మీరు బిగిస్తూ ఉంటే ఫొటో తీస్తాను. ఇంతకంటే రుజువు ఇంకేం కావాలి?"

అంత మంచితనంతో అన్న మాట ఇంత దెబ్బ తీస్తుందని ఆయనకు తెలియదు. చాంద్ సుల్తానా చేతిలో బ్లోయరు పిడి ఆగిపోయింది. చిన్న గిన్నె నిప్పుల మీద ఊరికే కాలుతోంది.

జిలానీ బాషా గుండిగ ముందు కూర్చున్నాడు. అడుగు కింద గుండ్రటి ఇనుప దాగలి పెట్టాడు. చిన్న సుత్తి అందుకున్నాడు. పైకెత్తాడు. గాలిలో సుత్తి తల నీళ్ళ మీద పడవ ముక్కులా ఊగింది. ఏనుగు తల మీద నిలిచింది, వీపు మీదికి జారింది, అంచు మీదికి వచ్చినట్టే వచ్చి మళ్ళీ తల మీదికి పోయింది. ఎక్కడ పడ్డా పడుతుంది. దేవీప్రసాద్ టాబ్ ఎత్తి పట్టుకున్నాడు.

ఒక్క క్షణం దొరికితే చాలునని చాంద్ సుల్తానా నోటికి వచ్చినది అడిగింది. "సార్, ఆ రాజు పేరు దీని మీద ఎక్కడుంది?"

దేవీప్రసాద్ టాబ్ కొంచెం దించాడు. "మంచి ప్రశ్న. ఎక్కడా లేదమ్మా. ఆయన నాణేల మీద తన పేరు వేసుకోలేదు."

"పేరు లేకపోతే ఆయనదని మీకెలా తెలిసింది?"

"పని చెబుతుంది కదా. ఏనుగును తీర్చిన తీరు, అక్షరాల ఒంపు, ముద్ర లోతు. నాలుగు చూసిన కన్నుకు చెయ్యి తెలిసిపోతుంది. పేరు పెద్ద అవసరం లేదు."

ఆ మాటకు సుత్తి కిందికి దిగింది. గుండిగ మీదికి కాదు, నేల మీదికి. జిలానీ బాషా దాన్ని మెల్లగా, చప్పుడు కాకుండా, తన మోకాలి పక్కన పెట్టాడు.

"సార్," అన్నాడు, "అలాగైతే ఈ సుత్తి పిడి కూడా ఒకసారి చూడండి."

దేవీప్రసాద్ అర్థంకాక చూశాడు.

"పట్టుకోండి సార్. ఇదిగో, బొటనవేలు పెట్టే చోట కర్ర అరిగి గుంట పడింది. నా వేలు ఇందులో పట్టదు. ఎంత కిందికి పట్టుకున్నా పట్టదు. మీ వేలూ పట్టదు." ఆయన చేతులు ఇప్పుడు అందరి ఎదుటా వణుకుతున్నాయి. దాచుకోలేదు. "ఈ కర్ర ఇలా అరగడానికి ఎన్నేళ్ళు పడుతుందో నాకు తెలుసు. అన్నేళ్ళూ దీన్ని పట్టుకున్నది నాను కాదు. ఆమె."

సందులో ఎవరో రేకు కోస్తున్నారు. ఆ చప్పుడు వచ్చి పోతోంది.

"ఇంకొకటి. మా దాదా అన్నాను. దాదా ఇల్లిల్లూ తిరిగి గిన్నెలు తెచ్చేవాడు, మళ్ళీ మోసుకెళ్ళి ఇచ్చేవాడు. కొట్టేది దాదీ, మా నాన్నమ్మ. చిన్నప్పుడు ఆవిడ పక్కన కూర్చుని చూసినవాణ్ణి. ఈ దెబ్బలు ఆవిడవి. తెలిసే దాదా అన్నాను. మా ఇంట్లో అలా అనడం అలవాటు."

చాంద్ సుల్తానాకు మొదట కలిగింది భయమే. కొలిమి పోయింది అనుకుంది. ఒక్క దూది తిప్పుతో గట్టెక్కవలసిన పనిని ఈ మనిషి ముంచేశాడు అనుకుంది. ఆ భయం కింద, తోముతూ ఉంటే పాదానికి తగిలినట్టు, ఇంకేదో గట్టిగా తగిలింది. దానికి పేరు పెట్టే తీరిక లేక ఆమె కొంగు నడుముకు దోపుకుంది.

దేవీప్రసాద్ కుర్చీలో కూర్చున్నాడు. "ఈ మాట మీరు చెప్పకపోతే, ఆ సుత్తి ఎలా పడ్డా నేను ఫొటో తీసుకుని వెళ్ళిపోయేవాణ్ణి."

"తెలుసు సార్."

"కార్డున్న మనిషి పనిచేయకపోతే కార్డు రద్దు చేయాలి. రూలు అది. నేను రాయక తప్పదు."

"రాయండి."

"అంత సులువుగా అంటారేమండీ!" ఆయనకు కోపమే వచ్చింది, తన మీదో రూలు మీదో.

"బాబూ," అంది పాపాయమ్మ, చింతపండు సంచి నేల మీద పెట్టి దాని పక్కనే చతికిలబడుతూ, "ఆయన కార్డు కొట్టీసినావు, సరే. ఆవిడికి కొత్తది రాయడానికి ఏటి అడ్డం?"

"అడ్డమంటూ లేదు. కొత్త దరఖాస్తు పెట్టాలి. నా ఎదురుగా పని చేసి చూపాలి. కాని జాబితా ఐదు గంటలకు మూసేస్తారు." గడియారం చూసుకున్నాడు. నాలుగు కావడానికి పది నిమిషాలుంది. "అమ్మా, మీరు..."

"సేస్తాను," అంది చాంద్ సుల్తానా.

జిలానీ బాషా లేచాడు. ఆమె వచ్చి ఆ చోట కూర్చుంది. ఆయన వెళ్ళి బ్లోయరు పిడి పట్టుకున్నాడు. పెద్ద పిడి, గుండ్రంగా తిప్పే పని. దానికి వణుకుతో పేచీ లేదు. నిప్పులు ఒక్కసారిగా ఎర్రబడ్డాయి.

గుండిగ అడుగు గోరువెచ్చన దాటి, చేయి పెట్టలేనంత వేడెక్కేదాకా ఆమె ఆగింది. దింపి, దాగలి మీద నిలిపి, ఎడమ బొటనవేలికి తడిగుడ్డ చుట్టుకుని, ఆ వేలితో నాణేన్ని లోపలి నుంచి అదిమి పట్టింది. సుత్తి ఎత్తింది అనడానికి వీల్లేదు. మణికట్టు దగ్గర కొంచెం లేపి, దాని బరువుకు దాన్నే వదిలింది. టిక్. మళ్ళీ. టిక్. లేచిన చోట మొదలుపెట్టలేదు. దానికి రెండు వేళ్ళ దూరంలో, బిగువుగా ఉన్న చోట మొదలుపెట్టి, పాత గింజల పక్కన కొత్త గింజలు పేర్చుకుంటూ అటు నడిచింది. బిగువు దగ్గర దెబ్బ తేలిక, వదులు దగ్గర ఇంకా తేలిక. ఒక దెబ్బకు గొంతు మారింది. ఆమె ఆగింది. నాణెం అవతలి పక్క వెంట్రుకవాసి లేచింది. దేవీప్రసాద్ అరచెయ్యి తెలియకుండానే నోటికి పోయింది. ఆమె గుండిగను పావువంతు తిప్పి, అటుపక్క నాలుగు దెబ్బలు వేసి, మళ్ళీ ఇటు వచ్చింది. టిక్, టిక్, టిక్. ఆఖరికి రాగి ఒకే గొంతుతో పలికింది. జీర లేదు.

"నీళ్ళు," అంది.

ఇటుకల మీద గుండిగ, కింద పాత దినపత్రిక. జిలానీ బాషా బిందెడు నీళ్ళు పోశాడు. నలుగురూ వంగి కాగితాన్నే చూశారు. అందులో ఏదో సినిమా ప్రకటన ఉంది, హీరో ముఖం మీద ఒక్క చుక్క పడితే చాలు. గోడ గడియారం ముల్లు రెండుసార్లు కదిలింది. ఐదుసార్లు కదిలింది. కాగితం పొడిగానే ఉంది. పాపాయమ్మకు నమ్మకం చాలక అడుగుకు చెంప ఆనించి చూసింది. చెంపకు మసి అంటింది కాని తడి అంటలేదు.

"పట్టేసినాది," అంది, మొదటిసారి నిజంగా గుసగుసగా.

"ఇంకా కళాయి ఉంది," అంది చాంద్ సుల్తానా.

నీళ్ళు పారబోసి, ఆరబెట్టి, నిప్పుల మీదికి ఎక్కించింది. నవాసారం చల్లగానే తెల్లటి పొగ లేచి అందరి కళ్ళనూ కరిచింది. తగరం కడ్డీ తాకించిన చోట మెరుపు కరిగి దొర్లింది. దూది ఉండతో ఆమె చుట్టూ తిప్పసాగింది. అల వెనక్కి తగ్గేటప్పుడు తడి ఇసుక మీద మెరుపు పరుచుకున్నట్టు, ఎర్రటి రాగి మీద తెలుపు పరుచుకుంటూ పోయింది.

దేవీప్రసాద్ దగ్గుతూనే టాబ్ మీద రాస్తున్నాడు. "పేరు?"

"చాంద్ సుల్తానా."

"ఎన్నేళ్ళ నుంచి ఈ పని?"

"ఇరవై రెండు."

"భర్త ఏం చేస్తారు? క్షమించండి, ఇందులో అడుగుతోంది."

ఆమె తల ఎత్తేలోపే బ్లోయరు వైపు నుంచి జవాబు వచ్చింది. "గాలి కొడతాడని రాయండి సార్."

పాపాయమ్మ నవ్వు సందు చివరిదాకా వెళ్ళి వచ్చింది.

"ఒక్కసారి ఇటు చూడండమ్మా, ఫొటో."

"ఇప్పుడు కుదరదు బాబూ. తగరం ఆగదు."

ఆయన ఆగాడు. టాబ్ ఎత్తి పట్టుకుని ఆగుతూ, ఆమె దూది వెళ్తున్న వైపు చూశాడు. అది గుండిగ నడుమకు చేరింది. ముందు ఏనుగు కాళ్ళు తెల్లబడ్డాయి. తరువాత పొట్ట. ఆయన పెదవులు కదిలాయి; వద్దు అనబోయి ఉంటాడు. అనలేదు. తొండం కూడా మునిగాక, ఏమీ లేని తెల్లటి అడుగు మీద వంగి ఉన్న ఆమె ముఖాన్ని, కదులుతున్న చేతిని కలిపి ఫొటో తీసుకున్నాడు.

"ముఖం పూర్తిగా పడలేదు," అన్నాడు. "అయినా ఇదే పెడతాను."

నాలుగు యాభై రెండు. టాబ్ మీద చిన్న గుండ్రం తిరగడం మొదలుపెట్టింది. తిరుగుతూనే ఉంది.

"ఈ సందులో సిగ్నలుండదు సార్, బయటికెళ్ళాలి," అన్నాడు జిలానీ బాషా. దేవీప్రసాద్ గబగబా గడప దిగి, టాబ్‌ను నెత్తి మీదికి ఎత్తి పట్టుకుని, కరెంటు తీగల మధ్య ఖాళీ ఎక్కడుందో వెతుక్కుంటూ నడిచాడు. పాపాయమ్మ ఆయన వెనకే వెళ్ళి, "ఇంకా పైకెత్తు బాబూ, ఇంకా," అని పురమాయిస్తోంది.

చాంద్ సుల్తానా వెళ్ళలేదు. కళాయి అంచు దగ్గర ఇంకా కొంచెం పలచగా ఉంది. అక్కడ దూది మరోసారి తిప్పింది. జిలానీ బాషా గాలి తగ్గించాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. గుండిగను చెరో పక్కా పటకారుతో పట్టుకుని తొట్టిలోకి దించారు. నీళ్ళు బుస్సుమని లేచాయి.

ఆ బుస చల్లబడుతూ ఉండగా సందు మొగ నుంచి దేవీప్రసాద్ గొంతు వినబడింది. అంత మెత్తటి మనిషి అంత గట్టిగా మాట్లాడగలడని ఎవరూ అనుకోలేదు.

"చాంద్ సుల్తానా. రాగి పని, కళాయి. వెళ్ళిందమ్మా, ఎక్కింది."

ఏడు కొలుముల దగ్గరా సుత్తులు ఆగాయి. ఎవరెవరో తలలు బయటికి పెట్టి, ఆ పేరు వచ్చిన వైపు ఒకసారి, ఆ పేరుగల గడప వైపు ఒకసారి చూశారు. తరువాత ఒక్కొక్కటిగా సుత్తులు మళ్ళీ మొదలయ్యాయి.